గద్వాల డప్పు, బొంబాయి తీర్పు: సామాజిక మాధ్యమాల్లోని అబద్ధాలపై ప్రభుత్వం ఏం చేయాలి?

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ అంశం మీద మాట్లాడమని నన్ను అడిగినప్పుడు మొదట గుర్తుకు వచ్చింది ఏ చట్టమూ కాదు, 2018 మే నెలలో మా డెస్కు మీదికి వచ్చిన వార్తల్లోని ఒక పదం. ఆ పదం 'కలకలం'. అప్పట్లో నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో డెస్కు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. మండలాల నుంచి విలేకరులు రోజూ ఒకటో రెండో పంపేవారు: 'పిల్లలను ఎత్తుకెళ్ళే ముఠా కలకలం', 'పార్థీ గ్యాంగ్ కలకలం'. ముఠాను కళ్ళారా చూసినవాళ్ళు ఆ వార్తల్లో ఉండేవారు కారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లీ ఉండేది కాదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న వీడియో గురించి, రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాస్తున్న కుర్రవాళ్ళ గురించి మాత్రం ఉండేది. కలకలం అని రాస్తే ముఠా ఉందని మేము చెప్పినట్టు కాదు. లేదని తేల్చి చెప్పే బాధ్యత కూడా మా మీద పడదు. అటువంటి వార్తల్లో కొన్నింటికి శీర్షిక పెట్టింది నేనే. ఫోనులో చూసింది పేపర్లో కూడా వచ్చింది కాబట్టి నిజమేనన్న నమ్మకం వాటివల్ల ఎన్ని ఇళ్ళలో కుదిరిందో అన్న ఆలోచన ఈనాటికీ నన్ను వదలలేదు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తప్పుడు సమాచారాన్ని ఎక్కడో కూర్చున్న దుర్మార్గులు తయారు చేసి మన మీదికి వదులుతారన్న ఊహతో చర్చ మొదలుపెడితే, పట్టుకుని జైల్లో వేయడమొక్కటే పరిష్కారంగా తోస్తుంది. 2018లో జరిగింది అలా లేదు. ఆ వీడియోను పంపినవాళ్ళలో ఎక్కువమంది తమ పిల్లల కోసం భయపడిన తల్లిదండ్రులు.

ఆ వీడియో ఏమిటో కూడా చెప్పాలి. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని పోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి ప్రజలను హెచ్చరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చి పిల్లవాణ్ణి దింపి, ఒక అట్ట ఎత్తి చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. దానికి సిరియాలో 2013 నాటి రసాయన దాడిలో చనిపోయిన పిల్లల ఫొటోలు తోడయ్యాయి. ప్రాంతాన్ని బట్టి ఒక తెలుగు గొంతో, తమిళ గొంతో, మరాఠీ గొంతో దానికి అతికింది. మన ప్రాంతంలో దానికి 'పార్థీ గ్యాంగ్' అన్న పేరు వచ్చింది. ఆ పేరు ఊరికే రాలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన సంచార కులాల్లో పార్ధీలు ఉన్నారు. ఆ చట్టాన్ని స్వతంత్ర భారతం 1952లో రద్దు చేసింది గానీ ముద్ర చెరిగిపోలేదు. నూట యాభై ఏళ్ళ కిందట ఒక ప్రభుత్వం అధికారికంగా చెప్పిన అబద్ధం మీదనే 2018 నాటి పుకారు నిలబడింది. ప్రభుత్వమే నిజానిజాలు తేల్చాలని కోరేవారు ఈ సంగతిని కాసేపు మనసులో పెట్టుకోవాలని నా మనవి.

ఆ పుకార్ల మూలంగా హైదరాబాదు చాంద్రాయణగుట్టలో మే నెలాఖరున ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో సంత రోజున ఐదుగురు భిక్షుక సంచార కులస్థులను పంచాయతీ కార్యాలయంలోనే కొట్టి చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజినీరు ప్రాణం పోయింది. స్నేహితులతో కలిసి కారులో వెళ్ళి, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు ఒక ఊళ్ళో అనుమానించారు. వాళ్ళు అక్కడి నుంచి తప్పించుకుని బయలుదేరేసరికి, కారు కంటే ముందు సందేశం తర్వాతి ఊరికి చేరింది. ఆ ఊళ్ళో దారికి అడ్డం పెట్టి కాచుకున్నారు. చనిపోయినవాళ్ళ జాబితా చూస్తే ఒక విషయం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్ళు భిక్షాటనకు వచ్చినవాళ్ళు, మతి చలించినవాళ్ళు, భాష రానివాళ్ళు, హిజ్రాలు, దారిన పోయేవాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదని మనం అంటూ ఉంటాం. ఆ మాట నమ్మి ఎంతమందిని కొట్టారో తలుచుకుంటే ఆ సామెతను నోట పలకాలని అనిపించదు.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రభుత్వం కల్పించుకోవాలి. అయితే అది దేనిలో కల్పించుకోవాలి, దేనిలో కల్పించుకోకూడదు అన్నదే నా ప్రసంగ విషయం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో కనుక్కోవడానికి ఆ ఏడాదే మన పక్కన జరిగిన ఒక పని చాలా ఉపయోగపడుతుంది.

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు రెమా రాజేశ్వరి ఎస్పీగా ఉన్నారు. ఊళ్ళకు వెళ్ళి వచ్చే కానిస్టేబుళ్ళు ఆమెకు ఒక చిన్న విశేషం చెప్పారు: ఎండాకాలం రాత్రుళ్ళు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దు గుంకగానే తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారు. అప్పటికి ఒక్క ఫిర్యాదూ లేదు, కేసూ లేదు. తలుపులు మూసుకోవడాన్ని బట్టి పుకారు ఉనికిని పసిగట్టారన్న మాట. తర్వాత దాదాపు 500 మంది సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఊళ్ళకు పంపారు. వాళ్ళు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, ఇంటింటికీ తిరిగి మాట్లాడారు, డప్పు కొట్టి పాటలు కట్టి ఆ వీడియోలు ఎక్కడివో చెప్పించారు. ఆమె పరిధిలోని నాలుగు వందల పైచిలుకు ఊళ్ళలో ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా బలి కాలేదు. ఇక్కడ ప్రభుత్వం నోరు మూయించలేదు, తాను నోరు విప్పింది. అదీ ఊరి మాటలో, ఊరి డప్పుతో, ముఖం తెలిసిన మనిషి ద్వారా విప్పింది.

రెండో పని వాట్సాప్ కంపెనీ చేసింది, ప్రభుత్వం గట్టిగా నిలదీసిన తర్వాత చేసింది. 2018 జులైలో ఫార్వర్డ్ చేసిన సందేశానికి గుర్తు పెట్టడం మొదలైంది. భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి వచ్చింది. 2019 జనవరిలో ఆ పరిమితి ప్రపంచమంతటికీ వర్తించింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, అప్పటికే ఎన్నో చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా చేశారు. దాంతో అటువంటి సందేశాలు 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. ఈ అంకె కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నదే గనుక దాన్ని బయటివాళ్ళు సరిచూసే వీలు ఉండాలి; ఆ సంగతికి తర్వాత వస్తాను. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ మార్పు ఏ సందేశం నిజం, ఏది అబద్ధం అని అడగలేదు. సందేశం ఎంత వేగంగా, ఎంత దూరం పోతుందన్న దాన్ని మాత్రమే పట్టించుకుంది.

పుకార్లు మనకు కొత్త కాదు. 1990లలో మన ఊళ్ళలో ఇంటింటి తలుపు మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. రాత్రి పూట దయ్యం వచ్చి తలుపు తడుతుందని, ఆ రాత చదివి వెనక్కి పోతుందని నమ్మకం. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఒక్క పూటలో దేశం దాటి లండన్ దాకా పోయింది. అప్పటికి మన దేశంలో సెల్‌ఫోన్లు అడుగుపెట్టి రెండు నెలలైనా కాలేదు. అయితే ఆ పుకారును మోసుకుపోయినందుకు ఎవరికీ డబ్బు రాలేదు. ఇవాళ పుకారు పోయే దారికి సొంతదారులు ఉన్నారు. ఏ వీడియో మీ కంటి ముందుకు రావాలో నిర్ణయించే లెక్క ఒకటి ఉంది. మీరు ఎంతసేపు తెర మీద కళ్ళు నిలిపితే అంత ప్రకటనల ఆదాయం వస్తుంది గనుక, భయం, కోపం రేపేది ఆ లెక్కకు అచ్చి వస్తుంది. ప్రభుత్వ నియంత్రణ అన్నమాటకు తగిన తావు ఇదే. కానీ మన దేశంలో జరిగిన ప్రయత్నాల్లో ఎక్కువభాగం ఈ దారి సొంతదారులను వదిలి, దారిన పోయే మనిషి నోటి మీద చేయి వేశాయి.

రాజ్యాంగం ఏం చెబుతున్నదో ఒకసారి చూద్దాం. 19(1)(ఎ) అధికరణం వాక్ స్వాతంత్ర్యాన్ని ఇస్తుంది. 19(2) దానికి హద్దులు పెడుతుంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. ఈ పట్టికలో 'అసత్యం' అన్న మాట లేదు. ఈ పట్టికకు కొత్తవి చేర్చడానికి వీల్లేదని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది కూడా. అంటే ఒక అబద్ధాన్ని రాజ్యం శిక్షించాలంటే, అది అబద్ధం అయినందుకు కాదు, దానివల్ల దొమ్మీ జరగబోతున్నందుకో, ఒక మనిషి పరువు పోయినందుకో, హత్యకు పురికొల్పినందుకో శిక్షించాలి. చాంద్రాయణగుట్టలో 'వీళ్ళే పిల్లల దొంగలు, కొట్టండి' అని అరిచినవాణ్ణి శిక్షించడానికి కొత్త చట్టం అక్కరలేదు. అశాంతి రేపే తప్పుడు సమాచారాన్ని, వదంతులను శిక్షించడానికి పాత శిక్షాస్మృతిలో 505వ సెక్షను ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షను ఉంది. విపత్తు వేళ తప్పుడు హెచ్చరికలు చేసినవారికి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో ఏడాది జైలు ఉంది. మోసానికీ, ఫోర్జరీకీ, మార్ఫింగ్ చేసిన అశ్లీల చిత్రాలకూ చట్టాలు ఉన్నాయి.

ఇంత ఉండగా 2008 సవరణతో ఐటీ చట్టంలోకి 66ఎ సెక్షను వచ్చింది. 'చిరాకు', 'అసౌకర్యం' కలిగించే సందేశం పంపినా మూడేళ్ళ జైలు. 2012లో బాల్ ఠాక్రే అంత్యక్రియల రోజు ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో ఒక అమ్మాయి రాసిన వాక్యానికి, దానికి లైక్ కొట్టిన మరో అమ్మాయికి పాల్ఘర్‌లో అరెస్టు తప్పలేదు. శ్రేయా సింఘల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌లు ఆ సెక్షనును కొట్టివేశారు. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించింది కృష్ణా జిల్లా మనిషి అని మనం కొంచెం గర్వంగా చెప్పుకోవచ్చు. తీర్పు రాసిన నారిమన్ గారు చర్చ, సమర్థన, ప్రేరేపణ అని మూడు మెట్లు చూపించి, మొదటి రెండు ఎంత కటువుగా ఉన్నా రాజ్యాంగ రక్షణ ఉంటుందని, మూడో మెట్టు మీదనే రాజ్యం చేయి వేయగలదని తేల్చారు. ఇంతకంటే స్పష్టమైన గీతను నేను ఎక్కడా చూడలేదు.

అయినా ఆ గీతను దాటే ప్రయత్నం 2023 ఏప్రిల్ 6న మళ్ళీ జరిగింది. ఐటీ నిబంధనలకు కేంద్రం ఒక సవరణ చేసింది. 'కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల' గురించి ఆన్‌లైన్‌లో వచ్చే సమాచారంలో ఏది నకిలీ, ఏది అబద్ధం, ఏది తప్పుదోవ పట్టించేది అని ప్రభుత్వమే నియమించిన ఒక నిజ నిర్ధారణ విభాగం చెబుతుంది. అలా చెప్పిన తర్వాత కూడా ఆ సమాచారాన్ని ఉంచిన కంపెనీ ఐటీ చట్టం 79వ సెక్షను కింద తనకున్న రక్షణను, అంటే వాడుకదారుల రాతలకు తాను జవాబుదారీ కాదన్న రక్షణను, పోగొట్టుకునే ప్రమాదంలో పడుతుంది. పైకి చూస్తే ఎవరి పోస్టునూ తొలగించమని ప్రభుత్వం ఆదేశించడం లేదు. కానీ ఒక కంపెనీ కోట్లాది పోస్టుల్లో మీ ఒక్క పోస్టు కోసం కోర్టు గుమ్మం ఎక్కుతుందా? ఎక్కదు. తీసేస్తుంది. మీకు కబురైనా సరిగా అందదు.

హాస్య కళాకారుడు కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్, మరికొందరు దీన్ని బొంబాయి హైకోర్టులో సవాలు చేశారు. 2024 జనవరి 31న ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. జస్టిస్ గౌతమ్ పటేల్ నిబంధనను కొట్టివేశారు. జస్టిస్ నీలా గోఖలే సమర్థించారు. మార్చి 20న కేంద్రం పత్రికా సమాచార కార్యాలయంలోని విభాగాన్నే ఆ పనికి నోటిఫై చేస్తే, మర్నాడే సుప్రీంకోర్టు నిలిపివేసింది. మూడో న్యాయమూర్తిగా జస్టిస్ చందూర్కర్ సెప్టెంబరు 20న ఇచ్చిన అభిప్రాయంతో నిబంధన చెల్లదని తేలింది. 'నకిలీ', 'అబద్ధం', 'తప్పుదోవ పట్టించేది' అన్న మాటలకు నిర్వచనం లేదని, తన వ్యవహారంలో ప్రభుత్వం తానే తీర్పరి అవుతున్నదని, అచ్చులో వస్తే తప్పు కానిది ఆన్‌లైన్‌లో వస్తే తప్పు ఎలా అవుతుందని ఈ తీర్పుల్లో అడిగిన ప్రశ్నలు ప్రతి జర్నలిజం విద్యార్థీ చదవవలసినవి. నాకు వీటన్నిటికంటే బలంగా తోచిన ప్రశ్న మరొకటి ఉంది. అబద్ధాల నుంచి ప్రజలను కాపాడటమే ఉద్దేశమైతే, పిల్లల దొంగల గురించిన వదంతికీ, క్యాన్సరుకు పసుపు చాలునన్న వీడియోకూ లేని రక్షణ ఏర్పాటు కేంద్ర ప్రభుత్వం గురించిన వార్తకు మాత్రమే ఎందుకు? 2018లో చనిపోయినవాళ్ళలో ఒక్కరినైనా ఆ నిబంధన కాపాడి ఉండేదా?

ఇది ఒక్క కేంద్రానికో, ఒక్క పార్టీకో పరిమితమైన జబ్బు అనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వార్తల మీద కేసులకు వీలిచ్చే జీవో 938 వచ్చింది. 2019 అక్టోబరు 30న ఆంధ్రప్రదేశ్‌లో జీవో 2430 వచ్చింది. నిరాధార వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు ఇచ్చారు. 2020 మేలో విశాఖలో స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయిన తర్వాత, దాని గురించి ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన ఒక పెద్దావిడకు గుంటూరులో సీఐడీ నోటీసు వెళ్ళింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో అవతలి పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసగా కేసులు, అరెస్టులు జరిగాయి. వాళ్ళలో కొందరు రాసినవి ఆడవాళ్ళ గురించి చాలా నీచమైన రాతలు, వాటిని నేను సమర్థించను. కానీ నీచమైన దూషణకూ ప్రభుత్వ విమర్శకూ ఒకే సంకెల వేయడాన్ని కూడా సమర్థించలేను. 2025 మార్చిలో హైదరాబాదులో, ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియోను ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అధికారంలో ఉన్న పార్టీ పేరు తీసేసి ఈ ఘటనలు వరసగా చదివితే ఏది ఎవరి హయాంలో జరిగిందో చెప్పడం కష్టం.

ఇందులో కొంత ఊరట కలిగించిన సంగతి 2025 సెప్టెంబరు 10 నాటి తెలంగాణ హైకోర్టు తీర్పు. సోషల్ మీడియా పోస్టుల మీద ఎఫ్ఐఆర్ పెట్టేముందు పోలీసులు ఏం చూసుకోవాలో జస్టిస్ తుకారాంజీ వరసగా నిర్దేశించారు. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా, ప్రాథమిక విచారణ జరిగిందా, హింసకు పురికొల్పే స్వభావం ఆ పోస్టులో ఉందా అని చూడాలి. కటువైన రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసు పెట్టకూడదు. పరువు నష్టం ఆరోపణతో నేరుగా ఎఫ్ఐఆర్ కట్టకూడదు. ప్రతి పోలీసు స్టేషనులో ఈ నిర్దేశాలు తెలుగులో గోడకు అంటించి ఉండాలని నా కోరిక.

నాతో ఏకీభవించని మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వారి వాదనలో బలం ఉంది గనుక దాన్ని యథాతథంగా మీ ముందు పెట్టాలి. కోర్టు తేల్చేలోగా శవం లేస్తుంది. బీదర్‌లో సందేశానికి, హత్యకు మధ్య ఉన్నది గంటల వ్యవధి కాదు, నిమిషాలు. అంత వేగాన్ని వేగంతోనే ఎదుర్కోవాలి. ఆ వేగం కార్యనిర్వాహక వ్యవస్థకు మాత్రమే ఉంటుంది అని వారు అంటారు. సింగపూరును చూపిస్తారు. అక్కడ 2019 అక్టోబరు నుంచి అమలవుతున్న చట్టం కింద ఏ మంత్రి అయినా ఒక పోస్టు అబద్ధమని నిర్ణయించి, దాని పక్కనే సవరణ ప్రకటన పెట్టమని ఆదేశించవచ్చు. చాలా సందర్భాల్లో అసలు పోస్టును తీసేయరు, పాఠకుడు రెంటినీ చదువుకోవచ్చు. ఇది తొలగింపు కంటే మేలైన పద్ధతి అని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ చట్టం అమలులోకి వచ్చిన తొలి నెలల్లో ఆదేశాలు ఎవరికి వెళ్ళాయో చూడండి: ప్రతిపక్ష నాయకులకు, ప్రతిపక్ష పార్టీలకు, ప్రభుత్వాన్ని విమర్శించే వెబ్‌సైట్లకు. ఆదేశం తప్పని అనుకున్నవాడు మొదట ఆ మంత్రికే మొరపెట్టుకోవాలి, ఆ తర్వాతే కోర్టుకు పోవాలి. ఫ్రాన్స్ 2018లో చేసిన చట్టం వేరే దారి తొక్కింది. ఎన్నికలకు ముందు మూడు నెలల కాలంలో, ఓటును ప్రభావితం చేసే అబద్ధపు ప్రచారం మీద ఫిర్యాదు వస్తే న్యాయమూర్తే 48 గంటల్లో తేల్చాలి. అక్కడ వేగమూ ఉంది, తీర్పు చెప్పేవాడు మంత్రీ కాదు. వేగం కావాలంటే కోర్టుకే వేగం నేర్పవచ్చునన్నది నా జవాబు. ఇక నిమిషాల మీద జరిగే హత్యను ఆపే శక్తి మంత్రికీ లేదు, న్యాయమూర్తికీ లేదు. ఆ ఊరి గ్రూపులో ఉన్న కానిస్టేబులుకు ఉంది.

సందేశాన్ని మొదట పంపినవాడెవరో చెప్పి తీరాలన్న 2021 నాటి నిబంధన గురించి కూడా అడుగుతారు. యాభై లక్షలకు మించి వాడుకదారులున్న మెసేజింగ్ కంపెనీలకు అది వర్తిస్తుంది. అలా చెప్పాలంటే ప్రతి మనిషి ప్రతి సందేశానికీ ఆనవాలు పెట్టాలి, అప్పుడు గోప్యత అనేది ఎవరికీ మిగలదని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. గోప్యతను ఛేదించమంటే దేశం వదిలి వెళ్ళిపోతామని 2024 ఏప్రిల్‌లో ఆ కోర్టుకు చెప్పింది. కంపెనీ బెదిరింపు నాకు నచ్చలేదు గానీ ఆ నిబంధన కూడా నచ్చలేదు. కరాచీ వీడియోను మన దేశంలో మొదట పంపినవాడు దొరికినా, చాంద్రాయణగుట్టలో కర్ర ఎత్తినవాడికీ అతనికీ మధ్య ఎన్ని వేల చేతులు ఉన్నాయో.

మరి నియంత్రణ ఎలా ఉండాలని అడిగితే, ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టాన్ని చూపిస్తాను. 2024 ఫిబ్రవరి 17 నుంచి అది పూర్తిగా అమలులో ఉంది. నెలకు నాలుగున్నర కోట్ల మందికి పైగా వాడే వేదికలు తమవల్ల ఎన్నికలకు, ప్రజారోగ్యానికి, పిల్లలకు కలిగే ప్రమాదాలను ఏటా తామే అంచనా కట్టాలి. బయటి ఆడిటర్లు దాన్ని తనిఖీ చేయాలి. పరిశోధకులకు డేటా ఇవ్వాలి. ఎవరి పోస్టునైనా తీసేస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మన అలవాట్లను ఆరా తీసి పేర్చని వరసలో పోస్టులు చూసుకునే వీలు మనకు ఇవ్వాలి. తప్పితే ప్రపంచవ్యాప్త ఆదాయంలో 6 శాతం దాకా జరిమానా. 2025 డిసెంబరులో ఎక్స్ సంస్థకు ఈ చట్టం కింద 12 కోట్ల యూరోల జరిమానా పడింది. దానికి చెప్పిన కారణాలు మూడు: డబ్బు కట్టిన ఎవరికైనా ఇచ్చే నీలి టిక్కు జనాన్ని మోసపుచ్చుతున్నది, ప్రకటనల వివరాలు బయటపెట్టే పద్ధతి సరిగా లేదు, పరిశోధకులకు డేటా ఇవ్వడం లేదు. ఫలానా పోస్టు అబద్ధం అన్నది ఈ మూడింటిలో ఎక్కడా లేదు. నేను చెబుతున్న గీత ఇదే. దారిని నియంత్రించు, దారి సొంతదారును లెక్క అడుగు, మాటకు తీర్పు చెప్పకు.

మన ప్రభుత్వాలు అందుకు సిద్ధమైతే తమ మీద కూడా అదే వెలుగు పడనివ్వాలి. ఐటీ చట్టం 69ఎ సెక్షను కింద పోస్టులను, ఖాతాలను నిలిపివేసే ఆదేశాలు 2009 నాటి నిబంధనల్లో 16వ నిబంధన సాకుతో రహస్యంగా ఉండిపోతున్నాయి. రాసినవాడికి తన రాత ఎందుకు పోయిందో తెలియదు గనుక కోర్టుకు వెళ్ళినా చేతిలో కాగితం ఉండదు. ప్రభుత్వ సహయోగ్ పోర్టల్ ద్వారా కంపెనీలకు పోయే తొలగింపు నోటీసుల మీద ఎక్స్ వేసిన కేసును కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టివేసింది. తీర్పును గౌరవిస్తూనే ఒక మాట అంటాను: తొలగింపు ఆదేశం ఏదైనా, దాని ప్రతి, దాని కారణం రాసినవాడి చేతికి అందాలి. కారణం చెప్పకుండా చెరిపేసిన మాట చుట్టూ మరో పుకారు పుడుతుంది.

చివరగా మన భాష సంగతి. ఐరోపా చట్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక నియమం ఉంది. పెద్ద వేదికలు తమ దగ్గర పోస్టులను పరిశీలించే మనుషులు ఎంతమంది ఉన్నారో సభ్యదేశాల ఒక్కో అధికార భాషకూ విడివిడిగా ప్రకటించాలి. మాల్టీస్ భాష మాట్లాడేవారు సుమారు ఐదు లక్షల మంది. వారి భాషకు ఎంతమంది పరిశీలకులున్నారో వారికి తెలుసుకునే హక్కు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. మనకు ఆ హక్కు లేదు. 2021లో బయటికి వచ్చిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో హిందీ, బెంగాలీ భాషల్లోని విద్వేష రాతలను పసిగట్టే ఏర్పాటే చాలాకాలం లేదని బయటపడింది. హిందీ గతే అదైతే తెలుగు గతి ఏమిటో ఊహించుకోవచ్చు. మనవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మాండలికంలో రాస్తారు, వాయిస్ మెసేజ్‌లో పంపుతారు. 'పార్థీవాళ్ళు దిగిన్రంట' అన్న నాలుగు సెకన్ల ఆడియోలో ఎంత ప్రమాదం ఉందో పాలమూరు మనిషికి తెలుస్తుంది, ఎక్కడో ఉన్న యంత్రానికి తెలియదు. హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో నిజ నిర్ధారణ చేస్తున్నాయి, వారి శ్రమ గొప్పది. కానీ అటువంటి సంస్థలతో ఒప్పందాలు ఉంచుకోవడమా మానడమా అన్నది కంపెనీ ఇష్టం. 2025 జనవరిలో మెటా అమెరికాలో ఆ ఏర్పాటుకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించడానికి ఒక్క వీడియో సరిపోయింది.

2020 ఫిబ్రవరి నెలాఖరులో, కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ప్రచారంతో కోళ్ళ రైతులు కుదేలైనప్పుడు, తెలంగాణ మంత్రులు హైదరాబాదులో వేదిక ఎక్కి అందరి ముందూ కోడిమాంసం తిన్నారు. ఆ ప్రచారం చేసినవాళ్ళను వెతికి పట్టుకునే కంటే ఆ ఒక్క ముద్ద ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ప్రభుత్వం మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దానికి జిల్లాకొక కలెక్టరు, మండలానికొక తహసీల్దారు, ఊరికొక ఆశా కార్యకర్త ఉన్నారు. ఆ గొంతులన్నీ ఉన్నప్పుడు ఎదుటివాడి గొంతు మూయించే అధికారం అదనంగా ఎందుకు కావాలో అడిగే హక్కు మనకు ఉంది.

నన్ను ఎవరైనా చట్టం ముసాయిదా రాయమంటే నిజానిజాల గురించిన వాక్యం ఒక్కటి కూడా రాయను. మొదటి సెక్షనులోనే ఒక ప్రశ్న పెడతాను: ఈ రాత్రి తెలుగులో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చే సందేశం తిరుగుతుంటే, దాన్ని చదవగలిగే మనుషులు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు, ఏ వేళల్లో పనిచేస్తారు, వారికి ఏ జిల్లా తెలుగు తెలుసు? ఆ అంకె మూడు నెలలకొకసారి ప్రచురించాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.